ప్రొఫెసరు గారికి మారు వడ్డించిన ఆదివారం

మా ఊళ్ళో ‘వద్దు’ అన్న మాటకి పెద్ద విలువ లేదు. ఐనవిల్లి వినాయకుడి దర్శనానికి వచ్చిన చుట్టాలూ, ఆ చుట్టాలకి చుట్టాలూ మధ్యాహ్నమయ్యేసరికి మా ఇంట్లో తేలేవారు. వాళ్ళు వద్దనడం ఒక మర్యాద. ఆ మాట మా అమ్మ విననట్టు ఉండడం అంతకంటే పెద్ద మర్యాద.

“అబ్బెబ్బే, వద్దండీ వదినగారూ! కడుపు నిండిపోయిందండీ.”

“ఏం తిన్నేరని నిండిపోడానికి? కోడిపిల్ల కెలికినట్టు కెలికేరు. ఇంకాస్త వేయించుకోండి.”

“నిజవేనండీ. మీమీదొట్టు.”

“నామీద ఒట్టేసేరు కదా, అయితే రెండు గరిటెలు వెయ్యాల్సిందే. ఆయ్.”

విస్తరి మీద అడ్డం పెట్టిన చేతివేళ్ళ సందుల్లోంచి పప్పు వడ్డించగల నేర్పు మా అమ్మది. మొదటి వద్దు అలవాటుకొద్దీ అనేది, రెండోది మొహమాటానికి అనేది, మూడోదాని గురించి మాత్రం కాస్త ఆలోచించవచ్చు. ఇది మాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. కాలవగట్టున పుట్టినవాడికి ఈత వచ్చినట్టే వచ్చేసింది.

ఈ విద్య పట్టుకుని నేను డెబ్భైల చివర్లో ఫ్రాన్సులో గ్రెనోబుల్ అనే ఊరికి చదువుకోడానికి వెళ్ళాను. చుట్టూ కొండలు, మధ్యలో నది. నేను చదవబోయేది ఆ నదుల్లో కొట్టుకొచ్చే ఒండ్రు గురించి. గోదావరి ఒండ్రులో మోకాళ్ళదాకా దిగబడి పెరిగినవాణ్ణి దాని గురించి చదువుకోడానికి కొండల్లోకి పంపించడం ఏమిటని మా పెదనాన్నగారు అడిగారు. “అక్కడ ఒండ్రు శుభ్రంగా ఉంటాదేమోలెండి,” అని మా అమ్మే సర్దిచెప్పింది.

ఒక పెద్దావిడ ఇంట్లో మేడమీద గది అద్దెకి దొరికింది. భర్త పోయాడు, పిల్లల్లేరు, ఒక పిల్లి ఉంది. వెళ్ళిన రోజు సాయంత్రం ఆవిడ కాఫీ కలుపుకుంటూ నువ్వు కూడా తాగుతావా అని అడిగింది. ప్రాణం లేచొచ్చింది. “వద్దండీ, మీకెందుకు శ్రమ,” అన్నాను నాకు వచ్చిన కాస్త ఫ్రెంచిలో. “సరే,” అని ఆవిడ తన కప్పులో పోసుకుని నా ఎదురుగానే తాగింది. నేను రెండో పిలుపు కోసం చూస్తూ కూర్చున్నాను. ఆవిడ పేపరు తీసింది. పిల్లి కూడా పాలు తాగింది. మర్నాడు ఆపిల్ పళ్ళు పేర్చి కాల్చిన తియ్యటి రొట్టె ఒకటి చేసి, ఒక ముక్క తింటావా అంది. వద్దన్నాను. సరే అంది. ఆ ‘సరే’ వింటే నాకు ఒళ్ళు మండేది. మనిషన్నాక ఇంత నిర్దయగా ఉంటారా, ఇంకొక్కసారి అడిగితే సొమ్మేం పోయింది అని గదిలోకి వెళ్ళి తలుపు గట్టిగా వేసుకునేవాణ్ణి. మొహమాటానికి పోయినవాళ్ళకి ఏమవుతుందో మనవాళ్ళు మోటు సామెతలో చెప్పారు కానీ, నాకు మటుకు కడుపు మాడింది.

చివరికి నా మొహం చూసి ఆవిడే కంగారుపడి, ఒంట్లో బాగాలేదా అని అడిగింది. సంగతి చెప్పాను. ఆవిడ “వద్దంటే వద్దనే కదా అర్థం! వద్దన్నవాణ్ణి మళ్ళీ బలవంతపెడితే ఎంత అమర్యాద!” అంది. తినాలని ఉంటే ఉందని చెప్పు, లేకపోతే లేదని చెప్పు, మా దేశంలో అంతే అని నియమం పెట్టింది. నేను కూడా ఊరుకోలేక మా దేశం గురించి నాలుగు కోతలు కోశాను. మా ఇళ్ళల్లో వడ్డించినదాన్ని కాదంటే ఇంటివాళ్ళ మనసు విరిగిపోతుందన్నాను. ఆవిడ కళ్ళు పెద్దవి చేసుకుని వింది. ఆ రోజు నుంచి కాఫీ అంటే కాఫీ, రొట్టె అంటే రొట్టె. ఒళ్ళు చేశాను.

తిండి దగ్గర నేర్చుకున్న తెలివి చదువు దగ్గర అక్కరకి రాలేదు.

మా ప్రొఫెసరు గారు సన్నగా, పొడుగ్గా, తలుపు దగ్గర వంగి లోపలికి వచ్చే మనిషి. ఆయన పనిగదిలో గాజుగోడల కాలువ ఒకటి కట్టించారు. అందులో నీళ్ళూ ఇసకా వదిలి, ఏ వేగానికి ఎక్కడ మేట వేస్తుందో చూడ్డం మా పని. ఆయనకి డెల్టాలంటే ప్రాణం. అంతర్వేది దగ్గర గోదావరి వశిష్ఠ పాయ సముద్రంలో కలిసే చోట ఇసక ఎటు జరుగుతుందని నన్ను చిన్నపిల్లాడిలా అడిగేవారు. నాకూ ఆయన దగ్గరే ఉండిపోవాలని ఉండేది. నేను వెళ్ళింది ఒక్క ఏడాది చదువుకి. ఆ తరవాత డాక్టరేటుకి ఆయన ఉంచుకుంటే ఉండాలి, లేకపోతే వేసవిలో పెట్టె సర్దుకోవాలి. రాత్రీ పగలూ నాకదే ధ్యాస.

మార్చి నెలలో ఒకరోజు ఆయనే కాలువ దగ్గరికి వచ్చి, “డాక్టరేటుకి నా దగ్గర ఒక చోటు ఉంది. ఉంటావా?” అన్నారు.

గురువుగారు తనంతట తాను వచ్చి అడిగారు. నా చేతులు వాటంతటవే కట్టుకున్నాయి, తల వంగిపోయింది. నోట్లోంచి వచ్చిన మాట, “అబ్బే, ఎందుకండీ? ఇప్పటికే మిమ్మల్ని చాలా శ్రమపెట్టాను.” నేను అన్నానా, మా వంశంలో వాళ్ళందరూ కలిసి అన్నారా అనేది ఇప్పటికీ చెప్పలేను.

“అలాగా. బాధగా ఉంది. కానీ నీ ఇష్టం,” అని ఆయన వెళ్ళిపోయారు.

నేను రెండో పిలుపు కోసం ఎదురు చూశాను. ఆయన గదిముందు పనిలేకపోయినా తిరిగాను. మెట్లమీద ఎదురుపడితే ఆగి, నవ్వి, మాటకి సందు ఇచ్చాను. ఆయన వాతావరణం గురించి మాట్లాడి వెళ్ళిపోయేవారు. వద్దన్నవాణ్ణి ఇబ్బంది పెట్టకూడదని పాపం ఆయన పడ్డ జాగ్రత్త అంతా ఇంతా కాదు. అంతటి మర్యాదస్తుడు నా కొంప ముంచేశాడు.

ఇంటావిడతో చెప్పుకుని ఏడ్చినంత పనిచేశాను. ఆవిడ ముందు పిల్లి బెదిరేటట్టు నవ్వింది, తరవాత కోప్పడింది. “రేపు పొద్దున్నే వెళ్ళి, నాకు ఉండాలని ఉందని చెప్పు.”

అది నావల్ల అయ్యే పని కాదు. ఒకసారి వద్దన్న నోటితో మళ్ళీ కావాలని అడిగితే, మా వైపు మూడు తరాలు చెప్పుకుంటారు. అడిగించుకోవాలి గాని అడగకూడదు. మరి అడిగించుకోడం ఎలా? మాకు తెలిసిన దారి ఒక్కటే. పెళ్ళి సంబంధమైనా, కాలవ నీళ్ళ తగాదా అయినా మా ఊళ్ళో విస్తళ్ళు లేచాకే తేలేది. కడుపు నిండినవాడు మెత్తబడతాడు. ప్రొఫెసరు గారిని భోజనానికి పిలుస్తానన్నాను. ఆవిడ నొసలు చిట్లించింది గానీ, తన భోజనాల బల్ల వాడుకోమంది.

అంతటితో ఊరుకోకుండా ఆవిడ నాకు తెలియకుండా ఆయనకి ఫోను కూడా చేసిందని తరవాత తెలిసింది. “ఆ కుర్రాడి దేశంలో వడ్డించింది వద్దంటే మనసు విరిగిపోతుందట. ఏం పెట్టినా కాదనకండి, పళ్ళెం ఖాళీ చెయ్యండి,” అని బోధించిందట. నా కోతలు నాకే చుట్టుకున్నాయి. ఆయన మా మర్యాద నేర్చుకుని వచ్చారు. నేనేమో అప్పటికే వాళ్ళ మర్యాద నేర్చుకుని ఉన్నాను. ఈ దేశంలో చాలినవాడు చాలంటాడు, అననంతవరకూ ఆకలి తీరలేదని అర్థం.

ఆదివారం మధ్యాహ్నం వంటంతా నేనే చేశాను. కందిపప్పు దొరకలేదు, ఎండు బఠాణీ పప్పుతో కానిచ్చాను. వంకాయ కూర, బంగాళాదుంపల వేపుడు, నిమ్మకాయ పులిహోర, పెరుగు, పంచదార పరమాన్నం. వెన్న కాచి నెయ్యి చేస్తుంటే ఇంటావిడ గుండెమీద చెయ్యి వేసుకుంది. మా అమ్మ ఇచ్చి పంపిన ఆవకాయ సీసా బల్ల మధ్యలో పెట్టాను.

ప్రొఫెసరు గారు ఒక పూలగుత్తి పట్టుకుని, మెడకి టై కట్టుకుని వచ్చారు. ముందు పులిహోర వడ్డించాను. ఆయన మెచ్చుకుంటూ తిని, చివర్న రొట్టెముక్కతో పళ్ళెం అద్దంలా తుడిచి నోట్లో వేసుకున్నారు. అది వాళ్ళలో వంట చేసినవాళ్ళని గౌరవించడం. పళ్ళెం తుడుచుకుని తిన్న మనిషిని చూస్తే మా వాళ్ళకి తోచేది ఒక్కటే, పాపం ఎన్నాళ్ళయిందో తిని అని. వెంటనే మళ్ళీ వడ్డించాను. ఆయన మళ్ళీ తుడిచారు. నేను మళ్ళీ వడ్డించాను. ఖాళీ పళ్ళెం కనిపిస్తే నా చెయ్యి ఆగదు, నిండు పళ్ళెం కనిపిస్తే ఆయన ఆగలేరు.

పప్పూ నెయ్యీ దగ్గరికి వచ్చేసరికి ఆయన కోటు విప్పారు. వంకాయ కూర దగ్గర టై వదులు చేశారు. ఇంత సన్నటి మనిషికి ఇంత ఆకలి ఎక్కడిదా అని నేను ఆశ్చర్యపోతున్నాను, లోపల సంతోషపడుతున్నాను కూడా. ఈ లెక్కన డాక్టరేటు నా చేతికి వచ్చినట్టే. ఆ ఊపులో ఒక ఆవకాయ బద్ద తీసి అన్నం పక్కన వేశాను. ఆయన దాన్ని కూర ముక్క అనుకుని మొత్తం నోట్లో పెట్టుకున్నారు. మొహం మందారపువ్వు రంగులోకి తిరిగింది. కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే, “చాలా... బాగుంది,” అన్నారు. బాగుందన్నారు కదా అని ఇంకో బద్ద వేశాను. ఇంటావిడ అటు తిరిగి కిటికీలోంచి కొండలు చూసింది.

పెరుగన్నం తెచ్చాను. చలవ చేస్తుందని చెప్పి గరిటె ముంచాను. అప్పుడు ఆయన రెండు చేతులూ పళ్ళెం మీద అడ్డం పెట్టి, మునిగిపోతున్నవాడిలా తల పైకెత్తి అన్నారు:

“వద్దు.”

అంతకాలం నేను నేర్చుకున్న ఫ్రెంచి మర్యాదంతా ఆ రెండు చేతులు చూడగానే ఎగిరిపోయింది. నా గరిటె తనంతట తానే వేళ్ళ సందు వెతుక్కుంది. “మా ఊళ్ళో మొదటి వద్దు లెక్కలోకి రాదండీ,” అన్నాను.

ఆయన చేతులు తియ్యలేదు. వేళ్ళమీద పెరుగుతోనే నా వంక చూశారు. ఇసక రేణువుల్ని చూసే చూపు అది.

“మరి ఎన్నోది వస్తుంది?”

“మూడోదండీ.”

“అయితే ఆ రోజు కాలువ దగ్గర నువ్వు నాతో అన్నది ఎన్నోది?”

నా గరిటె వెనక్కి వచ్చింది. “మొదటిదండీ,” అన్నాను.

ఇంటావిడ “హమ్మయ్య” లాంటిదేదో ఫ్రెంచిలో అంది. ప్రొఫెసరు గారు చేతులు తుడుచుకుని, “ఆ చోటు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. అడుగుతున్నాను. ఉంటావా?” అన్నారు.

రెండో పిలుపు వచ్చింది. నెలంతా దానికోసమే కాచుకుని కూర్చున్నాను. నోరు తెరిచాను.

“అబ్బే, మీకెందుకండీ...”

ఇంటావిడ బల్లమీద గట్టిగా చరిచింది. ఆవకాయ సీసా గెంతింది. ప్రొఫెసరు గారు మాత్రం నవ్వలేదు. కుర్చీలో వెనక్కి వాలి, మెల్లిగా, చాలా దయగా చెప్పారు. “మూడోసారి నేను అడగను. కోపంతో కాదు. నీ మనసులో ఏముందో నేను ఊహించి నీమీద రుద్దకూడదు. ఇక్కడ నువ్వు ఒక్కడివే ఉన్నావు. నీకు కావలసింది నువ్వే చెప్పాలి.”

చెవులు వేడెక్కాయి. నేను గరిటె గిన్నెలో పెట్టేశాను.

“కావాలి,” అన్నాను. “నాకు ఇక్కడ ఉండి చదువుకోవాలని ఉంది. నన్ను ఉంచుకోండి.”

“సరే,” అన్నారు ఆయన. ఇన్నాళ్ళూ నాకు ఒళ్ళు మండించిన మాటే అది. చెయ్యి చాపితే పట్టుకున్నాను. ఇంటావిడ లేచివచ్చి నా వీపు నిమిరింది. అప్పటికి నాకు కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. చదువు దొరికిందన్న సంతోషమని వాళ్ళిద్దరూ అనుకున్నారు. నేనూ కాదనలేదు.

అడగందే అమ్మైనా పెట్టదని సామెత. ఆ సామెత కట్టినవాడెవడో మా అమ్మ చేతి తిండి తిని ఉండడు. అన్నేళ్ళు వచ్చినా నాకు ఆకలేస్తోందని నేను ఇంట్లో ఒక్కసారి కూడా అనలేదు. అనేలోపే విస్తట్లో పడేది. నాకు నేనుగా కావాలి అని నోరు తెరిచి అడగడం అదే మొదలు. ఆ మాట అన్న తరవాత తెలిసింది, మా అమ్మ ఎంత దూరంలో ఉందో.