ఖాళీగా వదిలిన ఐదో వరుస

ఎవరైనా దయ్యాల మాట ఎత్తితే నేను లేచి వెళ్లిపోయేవాణ్ని. బడిలో చదివింది పదో తరగతి వరకే. కానీ మా ఊళ్లో కొంతం చౌక్ దగ్గరి లైబ్రరీలో ఏళ్ల తరబడి కూర్చుని, ఎవరి సాయమూ లేకుండా కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాను. కారణం లేకుండా ఏదీ జరగదని నా నమ్మకం. అందుకే ఈ సంగతి రాయడానికి నాకు రెండేళ్లు పట్టింది.

కుంఠా నాకా దగ్గర ఒక షెడ్‌లో మరమగ్గాలు బాగుచేస్తాను. మా నాయన అక్కడే, ఐదో నంబరు మగ్గం మీద పోయాడు. చొక్కా చెయ్యి మగ్గంలో ఇరుక్కుంది. మెయిన్ స్విచ్ ఎక్కడో తలుపు దగ్గర ఉండేది, ఎవరూ వేళకు చేరలేదు. తర్వాత ఆ మగ్గాన్ని తీసేశారు. మనిషి పోయిన మగ్గం నంబరు ఇంకో మగ్గానికి వేయకూడదని మావాళ్ల పట్టింపు. కాబట్టి మగ్గాలు ఆరే ఉన్నా నంబర్లు ఏడు దాకా ఉంటాయి. నాలుగుకూ ఆరుకూ మధ్య ఖాళీ నేల.

నాలుగో నంబరు నడిపేది మా అక్క భర్త. తెగిన పోగును మగ్గం ఆపకుండానే వేళ్లతో అందుకోవడం ఆయనకు అలవాటు. చెబితే వినడు. ఆ చెయ్యి లోపలికి పోయినప్పుడల్లా నాకు నాయన గుర్తొచ్చేవాడు.

అందుకే ఒక బోర్డు తయారుచేశాను. మగ్గానికో ఎర్ర బటన్. ఎవరు ఏది నొక్కినా అన్ని మగ్గాలూ ఆగాలి, నొక్కిన మగ్గం నంబరు బోర్డు మీద వెలగాలి.

ప్రోగ్రాంలో ఒక పట్టిక వేసి, నంబరుకో వరుస చొప్పున ఏడు పెట్టాను, వరుసకో గడి. వరుసలో సున్నా ఉంటే నడవనివ్వాలి, ఇంకేమున్నా ఆపాలి. ఐదో వరుసలో మాత్రం నేను ఏమీ రాయలేదు, సున్నా కూడా. నాయన చోటు, ఖాళీగానే ఉండనీ అనుకున్నాను.

కంపైలర్ ఒప్పుకోలేదు. మనం రాసినదాన్ని యంత్రం భాషలోకి మార్చేది కంపైలర్. ఏ బటనూ నొక్కకపోతే మగ్గాలు నడవాలి. ఈ ఒక్క లెక్కను కంపైలరే ముందుగా చేసి చూసుకోవాలని ఒక పరీక్ష పెట్టాను. అలా తానే లెక్క చేసేటప్పుడు, పట్టిక ఎక్కడ ముగుస్తుందో, ఏ గడిలో విలువ రాశారో, ఏది రాయలేదో అన్నీ గుర్తుపెట్టుకుంటుంది. రాయని గడిని చదవాల్సి వస్తే అక్కడే ఆగి, ఇదిగో తప్పు అని చూపిస్తుంది. అదే లెక్కను నడిచే బోర్డుకు వదిలేస్తే అడిగే దిక్కు లేదు. ఆ జాగాలో అంతకుముందు మిగిలిపోయింది ఏదైనా సరే చదువుకుంటుంది. అప్పుడు జరిగేదానికి, నేను ప్రోగ్రాం రాసిన భాష పూచీ పడదు. ఇదంతా చదివి నోట్‌బుక్‌లో ఎక్కించుకున్నవాణ్ని.

అయినా ఆ పరీక్షనే తీసేశాను. షెడ్‌కు వారానికి ఒక్కరోజే సెలవు, ఆ రోజే బోర్డు బిగించాలి. కంపైలర్ ఇంకేమీ అనలేదు. సాయంత్రం దాకా నడిపి చూశాను, బాగానే ఉంది.

ఆ వారంలో మూడుసార్లు, పట్టపగలు, ఆరు మగ్గాలూ ఒక్కసారిగా ఆగిపోయాయి. మూడుసార్లూ బోర్డు మీద వెలిగింది ఐదు. అక్కడ మగ్గం లేదు, బటన్ లేదు, వైరు కూడా లేదు.

మూడుసార్లూ బావ చెయ్యి నాలుగో మగ్గం లోపల ఉంది. మూడోసారి ఆయన వేళ్లకూ, ముందుకూ వెనక్కీ కొట్టుకునే ఆ బరువైన చెక్కకూ మధ్య బెత్తెడు దూరం కూడా లేదు. నేను కళ్లారా చూశాను.

"ఏంది బామ్మర్ది, మామ ఇంకా డ్యూటీ దిగలేదా?" అని బావ నవ్వాడు.

షెడ్ యజమాని సేఠ్ నవ్వలేదు. "లైబ్రరీల గన్ని బుక్కులు సదివినవ్ గదా పండిత్, నీ డబ్బాను సీదా చెయ్. లేకుంటే పీకి పారేస్త."

అందరి ముందూ ఆ మాట పడేసరికి సిగ్గేసింది. ఇంటికి వెళ్లి ఐదో వరుసలో సున్నా రాశాను. పరీక్షను తిరిగి పెట్టాను. కంపైలర్ ఒక్క తప్పూ చూపించలేదు. గర్వంగా పడుకున్నాను.

మర్నాడు దాన్ని బోర్డులోకి ఎక్కించాను. ఆ తర్వాత నాలుగో రోజు మధ్యాహ్నం, టీ వచ్చే వేళకు, బావ తెగిన పోగు కోసం చెయ్యి పెట్టాడు. మగ్గం ఆగలేదు, చెయ్యి ఇరుక్కుంది. ఆయన ఎడమ చేతికి బటన్ అందలేదు. నేను పరుగెత్తి, నాకు దగ్గర్లో ఉన్న ఆరో మగ్గం బటన్ నొక్కాను. అన్నీ ఆగాయి. బోర్డు మీద ఆరు వెలిగింది. నేను రాసింది రాసినట్టే పనిచేసింది.

బావ కుడిచేతి వేళ్లు మూడు పోయాయి.

ఆస్పత్రి నుంచి వచ్చాక అక్కకు అంతా చెప్పాను. ఆమె చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. చేతులు ఆపలేదు, నా వైపు చూడలేదు.

"నాయన మూడుసార్లు ఆపిండు తమ్మీ," అంది. "నువ్వే ఆయన్ని బంద్ చేసినవ్."

నా లెక్క వేరు. రాయని గడిలో ఏదో పాత విలువ మిగిలి ఉంటుంది, దానివల్లే మగ్గాలు ఆగి ఉంటాయి. ఆ కారణం మగ్గాలు ఎందుకు ఆగాయో చెబుతుంది. సరిగ్గా ఆ మూడు క్షణాల్లోనే ఎందుకు ఆగాయో చెప్పదు.

ఐదో వరుస ఖాళీగా ఉన్న పాత ప్రోగ్రాం దాచుకున్నాను. సెలవు రోజుల్లో దాన్ని అదే బోర్డులో ఎక్కించి, మగ్గాలు నడుపుతూ, నాలుగో మగ్గంలో చేతికి బదులు కర్ర పెట్టి చూశాను. ఐదు వెలగలేదు. కర్ర విరిగింది. మళ్లీ పెట్టాను, మళ్లీ విరిగింది. ఎన్ని కర్రలు విరిచానో లెక్క లేదు.

దయ్యాలను నేను ఇప్పటికీ నమ్మను. కానీ బావ ఎడమ చేత్తో అన్నం కలుపుకుంటుంటే ఎదురుగా కూర్చోలేను. ఐదు ఎవరు వెలిగించారో నాకు తెలియదు. ఆ వరుసలో సున్నా రాసింది మాత్రం నేనే.