తవుడుకు అమ్మిన బిడ్డ

సూరత్‌లోని ఆల్థాన్‌లో మా కొడుకు ఉండే బిల్డింగు కింద ఆవులకు మేత అమ్మే బండి ఒకటి ఉంటుంది. పొద్దున్నే ఆ బండివాడు బస్తా మూతి విప్పి తవుడులో బెల్లం నీళ్లు పోసి కలుపుతుంటే, పుణ్యం కోసం వచ్చిన ఆడవాళ్లు ముద్దలు కొని ఆవుల నోటికి అందిస్తుంటారు. చూడటానికి బాగానే ఉంటుంది. నేను మాత్రం ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని రోడ్డు అవతలి వైపు నుంచి పోతాను. ఆ వాసన తగిలిందంటే మూడేళ్లు కూడా నిండని ఒళ్లు మళ్లీ వస్తుంది నాకు. చంకల కింద చేతులు వేసి ఎవరో గడప మీదుగా ఎత్తినట్టు కాళ్లు తేలిపోతాయి.

అంత చిన్నప్పటివి ఎవరికైనా గుర్తుంటాయా అని నవ్వుతారు. నాకున్నాయి. అప్పటికి నాకు మాట రాలేదు కాబట్టి ముందు వెలుగుగా, వాసనగా, నేల అదురుగా ఉన్నాయి. పెద్దవాళ్ల మాటలు పాటల్లాగా చెవిలో ఉండిపోయి, అర్థాలు తర్వాత వచ్చి చేరాయి. మాది సూరత్‌లో మగ్గాల కార్ఖానాల వెనక సందు. నాయన మగ్గం నడిపేవాడు, అమ్మ ఇంట్లో కూర్చుని బాబిన్లకు నూలు చుట్టేది. మగ్గాలు ఆడుతుంటే మా గది నేలంతా సన్నగా అదిరేది, ఆ అదురుకు చెంప ఆనించి నేను నిద్రపోయేదాన్ని. కరెంటు పోయి మగ్గాలు ఆగితే సందంతా హాయిగా ఊపిరి తీసుకునేది, నేనేమో ఏడుపు అందుకునేదాన్ని. తోటి పిల్లలు ఖాళీ బాబిన్లతో బొంగరాలాట ఆడుకుంటుంటే, నేను ఒకదాన్ని తిప్పి, అది ఆగేదాకా చూసి, మళ్లీ తిప్పేదాన్ని. బతుకమ్మ పండుగకు అక్కడ తంగేడు, గునుగు దొరక్క ఆడవాళ్లు బంతిపూలతోనే పేర్చేవాళ్లు. సత్తుపిండి మూడు నాలుగు రకాలు చేస్తే నువ్వులది ఒక్కటే తిని, మిగతావి ఉమ్మేసేదాన్ని. పక్క వీధిలో గర్బా పాటల మైకు మొదలైందంటే చెవులు మూసుకుని గోడకు తల కొట్టుకునేదాన్ని.

బుగ్గ గిల్లకుండా, ఎత్తుకుంటానని మీద పడకుండా ఉన్నది ఒక్క రాజవ్వే. మా పక్క గదిలో ఉండేది, మా తెలంగాణ దిక్కు మనిషే. గిన్నెలో ఉడికించిన శనగలు పోసి నా పక్కన పెట్టి, తను వేరే దిక్కు చూస్తూ బియ్యం ఏరుకునేది. నేను తినేదాన్ని.

నాకు ఎంతకీ మాట రావడం లేదని ఆ రాజవ్వకే నన్ను అమ్మారు. మా దిక్కున ఉన్న ఆచారమే అది. ఈ ఇంటి పిల్ల అని పట్టుకున్న పీడ, పిల్లను ఇంకొకరికి ఇచ్చేస్తే దారి తప్పి వదిలిపోతుందని నమ్మకం. సందులోని ఆడవాళ్లంతా వచ్చారు. అమ్మ నన్ను గడప ఇవతల నుంచి అవతలకు ఎత్తి ఇచ్చింది.

"ఇగో రాజవ్వా, ఇది నా బిడ్డ గాదు, నీ బిడ్డ. తవుడు పొయ్యి, తీస్కపో."

"పట్టవే చేట, పోస్త. ఇయ్యాల్టి సంది నా బిడ్డను కొడితివా, జూడు మల్ల!"

అందరూ నవ్వారు. చేటలో తవుడు పడ్డ చప్పుడు, లేచిన దుమ్ము, ఆ వాసన. నాకు నవ్వులో ఉన్న ఆట తెలియలేదు, ఇచ్చేయడం ఒక్కటే తెలిసింది. ఆ తర్వాత కూడా పీడ వింటుందేమోనని అమ్మ వచ్చినవాళ్లందరికీ గట్టిగా చెప్పేది: "నాదెక్కడిది, రాజవ్వ బిడ్డ. నేను సాకుతున్న అంతే." రోజూ విన్నాను. సాయంత్రమైతే రాజవ్వ గది ముందుకు పోయి పడుకునేదాన్ని, అమ్మ వచ్చి ఈడ్చుకుపోయేది.

కొన్నాళ్లకు రాజవ్వ పెనిమిటికి కిమ్ అనే ఊళ్లో పని దొరికింది. సామానంతా టెంపోలో వేసుకుంటుంటే నేను కూడా ఎక్కి మూటల మధ్య కూర్చున్నాను, నాయన దింపాడు. టెంపో పోయింది. తాళం వేసిన ఆ తలుపు ముందు నిలబడి నా జన్మలో మొదటి మాట అన్నాను: "అమ్మా!"

మా అమ్మ పొయ్యి దగ్గర నుంచి పరుగున వచ్చి నన్ను గుండెకు అదుముకుంది. "పిలిచింది, నన్ను పిలిచింది" అని ఏడ్చింది. తవుడుకు అమ్మితే మాట వచ్చిందని నాయన సందంతా పేడా మిఠాయిలు పంచాడు.

చాలా ఏళ్ల తర్వాత ఇంకొక పిల్లను అలాగే అమ్ముతుంటే చూసినప్పుడు గాని అది ఉత్తుత్తి అమ్మకమని నాకు తెలియలేదు. తెలిసినా ఆమెను అమ్మా అనడానికి నోరు తిరగలేదు. "ఊరందర్ని పిలుస్తది, నన్నే పిలువది" అని అమ్మ బతికినన్నాళ్లూ అందరితో చెప్పుకుంది. ఆమె పోయేరోజు మంచం చుట్టూ ఉన్నవాళ్లు, "పిలువవే, నీ గొంతింటే కండ్లు తెరుస్తది" అన్నారు. నోట్లో నీళ్లు పోసి, "నేనొచ్చిన" అన్నాను. తెరవలేదు.

మా మనవరాలు చిన్నికి మూడో ఏడు నడుస్తోంది, మాట రాలేదు. మా తెలుగు డాక్టరమ్మ ఒకామె చూసి ఆటిజం అంది. ఇంట్లో ఇలా ఇంకెవరైనా ఉన్నారా అని అడిగితే అందరూ నా వైపు చూశారు. నా సంగతులు చెబితే ఆమె నవ్వకుండా విన్నది. ఇలాంటివాళ్లలో కొందరికి చాలా చిన్ననాటివి గుర్తుంటాయని చెబుతారు, అందరికీ కాదు అంది.

పోయిన ఆదివారం మా అన్న జోల్వా నుంచి తవుడు సంచి పట్టుకుని దిగాడు.

"ఏమే తవుడు పిల్లా! ఎదురింటి గుజరాతీ బెన్‌తోని మాట్లాడిన, కొంటదట మన చిన్నిని."

"వద్దన్నా."

"ఏంది వద్దు? నీకు గిట్లనే మాటొచ్చింది గదనే! దానికేం ఎర్క, పొద్దుమీకి మర్చిపోతది."

"నేను మర్చిపోయిన్నా?"

"నీకేం యాదికుంటదే, గింతంత పోరివి! అమ్మ చెప్పంగ విన్నవ్."

అప్పుడు చెప్పాను, ఆ రోజు తాళం వేసిన తలుపు ముందు నేను పిలిచింది ఎవరినో. ఆ ఒక్కటీ ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. అన్న తవుడు సంచి కింద పెట్టి, "సచ్చినామె మీద గింత పగనా!" అన్నాడు. నేను గొంతు పెంచాను, ఎదురింటి తలుపు తెరుచుకుంది. మా కోడలు గాభరాపడి, "ఇప్పుడొద్దులే మామా, జర ఊకోండి" అని చిన్నిని ఎత్తుకుని లోపలికి పోయింది. నా మాట నమ్మి కాదు, నా లొల్లికి భయపడి. అన్న చెప్పులు వేసుకుంటూ, "అమ్మ నోట్లె మన్ను గొట్టినవ్, ఇగ దీని నోరు గూడ కట్టు" అని మెట్లు దిగిపోయాడు.

మా సందు ఇప్పుడు లేదు. మగ్గాలు తీసేసి బట్టల గోదాములు కట్టారు. రాజవ్వ ఉన్నదో పోయిందో కూడా తెలియదు. నేను చెప్పేది నిజమని అనగలిగేవాళ్లు ఒక్కరూ మిగల్లేదు.

ఆ సాయంత్రం వంటింట్లోంచి కోడలు, "చిన్నీ, దా బిడ్డా" అని పిలిచింది. చిన్ని తల ఎత్తలేదు, పలకలేదు. కాసేపటికి లేచి, గోడ పట్టుకుని నడిచి పోయి తల్లి మోకాళ్లలో మొహం పెట్టేసింది. నేను చూస్తూ కూర్చున్నాను. అమ్మ పిలిస్తే అలా లేచి పోవడం ఎలా ఉంటుందో, ఇంత గుర్తున్న నాకు అదొక్కటి గుర్తు లేదు.