పాప పడుకున్న గంటలు

నాది ఎయిర్‌పోర్టు ఫైర్‌స్టేషన్‌లో ఉద్యోగం. నా భార్య కూడా పనికి వెళ్తుంది కాబట్టి, శంషాబాద్‌లోని మా కిరాయి ఇంట్లో పాపను చూసుకోవడానికి కొత్వాల్‌గూడ నుంచి ఒక అక్క వచ్చేది. ఒకరోజు డ్యూటీ దిగి మధ్యాహ్నమే ఇల్లు చేరాను. పాప నిద్రపోతోంది. ఉయ్యాల పక్కన గోడకు ఆనుకుని అక్క ఊరికే కూర్చుని ఉంది. ఎందుకో నాకు చిర్రెత్తుకొచ్చింది.

"దినాం మూడు గంటలు పాప పండుకునే ఉంటది. గా గంటలకు గూడ జీతం ఎందుకియ్యాలె అక్కా?" అనేశాను.

ఇంటి మీదుగా ఒక విమానం కిందికి దిగుతోంది. చప్పుడు పెరిగేలోపే ఆమె చేయి ఉయ్యాలలోకి వెళ్లి పాప చెవిని కప్పింది. పాప కదల్లేదు. చప్పుడు పోయాక చేయి తీసి, నా యూనిఫాం వైపు చూసింది.

"అన్నా, ఇయ్యాల మీ కాడ ఏమన్న అంటుకున్నదా?"

"లేదు."

"మరి నిన్న?"

నిన్నా లేదు. ఏడేళ్ల ఉద్యోగంలో నేను ఆర్పిన మంట ఒక్కటీ లేదు. ఏ నెలా నా జీతంలో ఒక్క గంట కోత కూడా పడలేదు.