కోళ్లు గూడెక్కాయా అని అడిగింది

ఆస్పత్రిలో మా అత్తగారు నన్ను ఆఖరిసారి అడిగింది కోళ్ల గురించి. ముక్కుకి గొట్టం, చేతికి సూది. మాట పైకి రావడమే కష్టంగా ఉంది. నా చెయ్యి పట్టుకుని, "కోళ్లు గూడెక్కాయా?" అంది. ఎక్కాయత్తయ్యా అన్నాను. తల ఊపి కళ్లు మూసుకుంది.

అది అబద్ధం. రెండు రోజులుగా నేను ఆస్పత్రి కుర్చీలోంచి కదల్లేదు. కోళ్లు ఎక్కడున్నాయో, అసలున్నాయో లేదో నాకేం తెలుసు? మర్నాడు తెల్లారకముందే ఆవిడ పోయింది. ఆ అబద్ధం నా దగ్గరే ఉండిపోయింది.

మాది ఫ్లాటు కాదు. సింగపూరంతా ఫ్లాట్లు లేస్తున్నా, ఉత్తరాన ఓ సందు చివర రేకుల కప్పుతో, వెనక పెరడుతో మా ఇల్లు అలాగే మిగిలింది. మా అత్తగారు ఈ దేశంలోనే పుట్టింది. ఆవిడ తండ్రి ఎప్పుడో విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి రబ్బరు తోటల్లో పనికొచ్చాడట. నేను మాత్రం పాలకొల్లు దగ్గర పల్లెటూరి నుంచి పెళ్లి చేసుకుని వచ్చినదాన్ని. నాలుగో తరగతితో బడి మానేశాను. చదివింది ఏదీ తలలో నిలవలేదు గానీ, కంటితో చూసింది ఏదీ ఇంతవరకూ పోలేదు.

అవి కంప్యూటరు పిల్లలు వారానికో గుంపు విమానం దిగుతున్న రోజులు. గదులు దొరక్క అల్లాడేవారు. మా పక్కగదిలో విజయవాడ అమ్మాయి ఒకతె ఉండేది. తంజోంగ్ పగార్‌లో ఆఫీసు. మా ఆయనకి జురాంగ్ ఐలాండ్‌లో షిఫ్టు పని. పగలంతా ఇంట్లో మేమిద్దరం అత్తాకోడళ్లం, తొమ్మిది కోళ్లు.

కోళ్లు ఆవిడవి. నాకు వాటితో పొత్తు లేదు. పదిహేనేళ్లు మెట్ల మీద వాటి రెట్ట కడిగినదాన్ని, వాటి మీద ప్రేమెలా పుడుతుంది? ఆవిడకి మాత్రం ఏ కోడి ఏ పొద రుచి మరిగిందో, ఏది ఏ మూల గుడ్డు దాస్తుందో అంతా తెలుసు. పొద్దున్నే వదిలేసేది. మధ్యాహ్నం దాటాక గింజ వేసేది కాదు. పొద్దు వాలుతుంటే నూకల డబ్బా చంకన పెట్టుకుని, చిన్న పీట తీసుకుని గూటి ముందు కూర్చునేది. గూటి తలుపు వైపు వీపు పెట్టి కూర్చోవడం ఆవిడ పద్ధతి. రెండుసార్లు డబ్బా గలగలలాడించి, నాలుక అంగిటికి తగిలించి టక్కుటక్కుమని, "రండమ్మా, దీపాలవేళయింది" అనేది. ఒక్కొక్కటే ఆవిడ పక్కనుంచి లోపలికి పోయేవి. ఒక్కదాన్ని కూడా ఎప్పుడూ తరిమి ఎరగదు. తరిమితే వెళ్లింది గూటికి కాదే, భయానికి వెళ్లినట్టు అనేది. అందరికన్నా ఆఖరున నల్లపెట్ట వచ్చేది. దానికి కాలివేలు వంకర, మెల్లగా నడిచేది. అది లోపల పడేదాకా గొళ్లెం పెట్టేది కాదు. పొయ్యి మీద పులుసు మాడుతున్నా సరే, అక్కడే కూర్చునేది.

ఆ మధ్యే పక్క దేశాల్లో కోళ్లకి జబ్బొచ్చిందని, ఇక్కడ పెరటి కోళ్లేవీ బయట తిరగకూడదని కొత్త నియమం వచ్చింది. వల లోపలే ఉండాలి, పైనుంచి పిట్ట కూడా దూరకూడదు. మా ఆయన పాత పైపులు తెచ్చి గూటి ముందు జాగాకి చుట్టూ, పైనా వల కట్టాడు. మా అత్తగారు చూసి, "మీ నాన్న నన్ను కూడా ఎప్పుడూ ఇలా కట్టెయ్యలేదురా" అంది. అయినా పొద్దున ఓ రెండు గంటలు, సాయంత్రం ఓ గంట దొంగతనంగా వదిలేది. ఓసారి ఆఫీసరు వచ్చాడు, పెద్దవయసు మలయు ఆయన. ఆవిడ మలయు భాషలో ఏవో కబుర్లు చెప్పి, కాఫీ ఇచ్చి, ఈలోగా టక్కుటక్కుమని పిలిచి తొమ్మిదింటినీ ఆయన కళ్లెదుటే లోపలికి నడిపించింది. ఆయన నవ్వుతూ వెళ్లిపోయాడు.

ఆవిడ పోయిన మూడో రోజు నుంచి పెరట్లో ఆకు వేసి అన్నం పెట్టడం మొదలైంది. పెద్దకర్మ దాకా రోజూ పెట్టాలి, కాకి ముట్టాలి. ముట్టకపోతే పోయినవాళ్లకి ఏదో కోరిక మిగిలిందని మా వాళ్ల నమ్మకం. మా మామగారు పోయినప్పుడు ఆకు వేయకముందే కాకులు మూగాయి. ఆ తర్వాత కాకులు ఎక్కువైపోయాయని సర్కారు పంపిన తుపాకులవాళ్లు వచ్చి మా వైపు కాకుల్ని కొట్టేశారు. ఇప్పుడు ఆకు వేసి, నీళ్లు తిప్పి, దూరంగా నిలబడి ఆకాశం చూస్తుంటే ఒక్క కాకీ లేదు.

వచ్చినవి కోళ్లు. పెరట్లోకి అన్నం పట్టుకొచ్చిన మనిషంటే వాటికి ఒక్కరే గుర్తు. రెక్కలు విదిలించుకుంటూ పరిగెత్తుకొచ్చాయి. మా ఆయన అక్కగారు, మా వదిన, ఈ పదకొండు రోజులూ మా ఇంట్లోనే ఉంది. చీపురు తీసుకుని వెంటపడింది. "అమ్మకి పెట్టింది కోడి తింటే అమ్మ పస్తుంటదే" అని ఏడుస్తూ తరిమింది. నేనూ ఒక కర్ర అందుకున్నాను. ఏడుపూ, నిద్రలేమీ, కోపమూ అన్నీ కలిసి ఆ చేతిలోకి వచ్చాయి. నల్లపెట్ట పరిగెత్తలేదు కదా, నా కర్ర దాని వీపు మీదే పడింది.

అలా రోజూ. మేం ఆకు వేసేవాళ్లం, కాకి వచ్చేది కాదు, కోళ్లు వచ్చేవి, తరిమేవాళ్లం. మేం విసిగి లోపలికి వెళ్లాక అవి తిరిగొచ్చి ఆకు నాకేసేవి. నాలుగు రోజులయ్యేసరికి గూటి మొహం చూడటం మానేశాయి. పెరడు వెనక ఎవరిదో ఖాళీ జాగా, నడుమెత్తు గడ్డి. పగలు అందులో, రాత్రి రంబుటాన్ చెట్టు మీద. గూట్లో పడుకునేవి రెండే మిగిలాయి. ఆవిడ ఆస్పత్రికి వెళ్లిన పూట వల తలుపు తీసింది తీసినట్టే ఉండిపోయింది. ఆ రెండు రోజులూ ఎవరూ పిలవలేదు, తర్వాత పిలవాల్సినవాళ్లం కర్ర పట్టుకున్నాం. ఇంక ఎందుకొస్తాయి?

ఎనిమిదో రోజున ఆ ఆఫీసరు మళ్లీ వచ్చాడు. పెద్దావిడ ఏరీ అని అడిగాడు. మా వదిన మలయులో చెప్పింది. ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆ తర్వాత చెట్టు మీద కూర్చున్న కోళ్లని చూశాడు. సోమవారం తిరిగొస్తాననీ, వల బయట ఉన్నవాటిని పట్టుకుపోక తప్పదనీ అన్నాడు. పట్టుకుపోయి ఏం చేస్తారని నేనడగలేదు. ఆయనా చెప్పలేదు. ఆదివారమే పెద్దకర్మ.

మా ఆయన పోతే పోనియ్యవే అన్నాడు. అమ్మే లేదు, కోళ్లెందుకు అన్నాడు. నేనేం చెప్పను? మీ అమ్మకి నేను అబద్ధం చెప్పాను, దాన్ని నిజం చెయ్యాలి అని చెప్పే ధైర్యం లేదు. కోళ్ల కోసం గడ్డిలోకి దిగాను.

విజయవాడ అమ్మాయి ఆఫీసు నుంచి వచ్చి, నేను గడ్డిలో వంగి వెతుకుతుంటే చూసింది. ఆ సాయంత్రం తన కంప్యూటరు ఒళ్లో పెట్టుకుని వంటింటి మెట్టు మీద కూర్చుంది.

"ఆంటీ, ఇందులో అంతా రాసుంది. తరమకూడదంట. ఆకలి మీద ఉంచాలంట. చీకటి పడకముందే లోపల గింజలేసి, రోజూ ఒకటే గుర్తుతో పిలవాలంట."

"ఎవరు రాశారమ్మా?"

"ఎవరో ఆంటీ. వేరే దేశంలో కోళ్లు పెంచుకునే ఆవిడంట."

మా అత్తగారికి సంతకం రాదు. వేలిముద్రే. ఆ దేశం ఆవిడా, ఈవిడా ఒకర్నొకరు ఎరగరు. ఇద్దరూ చెప్పింది ఒకటే. పదిహేనేళ్లు కళ్లెదుట చూసి కూడా నాకు తట్టనిది ఆ అమ్మాయి చదివితే తట్టింది. ఆకలి మీద ఉంచమంటున్నారు, మేమేమో రోజూ ఆకునిండా పెడుతున్నాం. తరమొద్దంటున్నారు, ఆ పెట్టిన చేత్తోనే తరుముతున్నాం.

మర్నాటి నుంచి ఆకు తీసుకెళ్లి ఇంటి ముందు గోడ మీద పెట్టించాను. సాయంత్రం డబ్బా పట్టుకుని పీట మీద కూర్చున్నాను, తలుపుకి వీపు పెట్టి. నాలుకతో ఆ చప్పుడు నాకు రాలేదు. చిన్నప్పటి నుంచి నోటికి పట్టింది కాదు కదా, పెళ్లయ్యాక విన్నదే. మొదటిరోజు మూడు వచ్చాయి. రెండోరోజు ఇంకో మూడు. పుంజుని మా ఆయన చెట్టు మీంచే దింపాడు, మొహం గీరించుకుని. గూట్లోని రెండింటినీ కలిపితే అన్నీ లెక్కకొచ్చినట్టే అనుకున్నాను. చూస్తే ఆ రెండింట్లో ఒకటి మొదటిరోజు బయటికి పోయి మళ్లీ వచ్చిన మూడింట్లోదే. తగ్గింది నల్లపెట్ట. నల్లపెట్ట ఒక్క రోజూ రాలేదు. దూరంగా గడ్డి అంచున నిలబడి, నా వైపు చూసి, వెనక్కి వెళ్లిపోయేది. అది నా కర్రని చూస్తోందని నాకు తెలుసు, చేతిలో కర్ర లేకపోయినా.

ఆదివారం పెద్దకర్మ. సెరంగూన్ రోడ్డు నుంచి పంతులుగారొచ్చారు. ఆవిడకి ఇష్టమైనవన్నీ వండాం. ఆరోజు ఆకు పెరట్లోనే వెయ్యాలన్నారు. వేశాం. కాకి రాలేదు. అందరూ ఆకు దగ్గర నిలబడి ఒక్కొక్కరే మాటిచ్చారు. నీ అస్థికలు గంగలో కలుపుతానమ్మా అన్నాడు మా ఆయన. తమ్ముడితో ఎప్పుడూ గొడవ పడనమ్మా అంది వదిన. ఆకాశంలో ఏమీ కదల్లేదు. పంతులుగారికి ఇంకో ఇంటికి వెళ్లాలి. ఎండ తగ్గేదాకా చూసి, ఆకుని సముద్రంలో కలిపెయ్యండని చెప్పి వెళ్లిపోయారు. నేను మాటివ్వలేదు. ఆ కోళ్ల మాట అందరి ముందూ అనలేకపోయాను.

పొద్దు వాలింది. మా ఆయన సముద్రానికి వెళ్లడానికి చొక్కా వేసుకుంటున్నాడు. నేను ఆకు రెండు చేతులతో ఎత్తి, వల లోపలికి తీసుకెళ్లి నేల మీద పెట్టాను. ముందే వచ్చిన కోళ్లని గూటి లోపల మూసేశాను. పీట వేసుకుని కూర్చున్నాను.

వదిన చీపురు పట్టుకుని వచ్చింది. ఏంటే ఇది అంది.

"వదినా, ఆస్పత్రిలో అత్తయ్య కోళ్లెక్కాయా అని అడిగింది. ఎక్కాయని చెప్పాను. ఎక్కలేదు. నాకేం తెలియకుండానే చెప్పాను."

వదిన చీపురు గోడకి ఆనించి, నాకు నాలుగడుగుల దూరంలో నేల మీదే చతికిలబడింది. అప్పుడు నాలుక అంగిటికి తగిలించి టక్కుటక్కుమంది. అచ్చం ఆవిడ చప్పుడే. తల్లి ఒళ్లో కూర్చుని నేర్చుకున్నది కాబోలు, ఇన్నేళ్లూ నోట్లో దాచుకుంది. నేను డబ్బా ఊపాను, తను పిలిచింది. రండమ్మా, దీపాలవేళయింది అని తను అనలేకపోయింది. అది నేనన్నాను.

గడ్డి కదిలింది. నల్లపెట్ట ఒక కాలు మీద ఆగి ఆగి వచ్చింది. నా పక్కకి వచ్చేసరికి నిలబడిపోయింది. నా కొంగుని దాటి, ఆకు దగ్గరికి వెళ్లి అన్నం పొడిచింది. గారె ముక్క ఎత్తుకుంది. తిన్నంతసేపూ మేం ఇద్దరం కదల్లేదు.

"గొళ్లెం పెట్టు," అంది వదిన.

పెట్టాను. కాకి కాకపోయినా ఆకు ముట్టినట్టే, ఇంక సముద్రానికి వెళ్లాల్సిన పని లేదు. మా ఆయన గుమ్మంలో నిలబడి, చొక్కా బొత్తాలు విప్పుకుంటూ లోపలికి వెళ్లిపోయాడు.

సోమవారం ఆఫీసరు వచ్చి లెక్క చూసుకుని, నాతో ఏదో మంచిమాటే అన్నాడు. ఆ తర్వాత కోళ్లని నేనెప్పుడూ బయటికి వదల్లేదు. దొంగతనంగా వదలడానికి ఆవిడకున్న ధైర్యం నాకు లేదు. లోపల తిండికి లోటు లేదు, అన్నీ బానే ఉన్నాయి. నల్లపెట్ట మాత్రం రోజూ పొద్దున్నే వల తలుపు దగ్గరికి వచ్చి నిలబడేది. గొళ్లెం వైపే చూసేది. గుడ్లు మానేసింది. ఈకలు రాలాయి.

నెల దాటాక ఒక సాయంత్రం ఉండబట్టలేక తలుపు తీశాను, దాని ఒక్కదానికే. బయటికి వచ్చింది. గడ్డిలోకి పోలేదు. పీట గోడ పక్కన ఉంది, దాని కింద చేరి రెక్కలు దులుపుకుని కూర్చుంది. నేను మెట్టు మీద కూర్చున్నాను. డబ్బా నా ఒళ్లో ఉంది. వదిన దగ్గర ఆ చప్పుడు నేర్చుకున్నాను, ఈలోపు బాగానే వచ్చేసింది. చీకటి పడకముందు పిలుద్దామని నాలుక ఎత్తి ఉంచుకున్నాను.

పిలవక్కర్లేకపోయింది. వెలుగు తగ్గుతుంటే అదే లేచి, మెల్లగా నడుచుకుంటూ లోపలికి వెళ్లి గూడెక్కింది. రెండు రోజుల తర్వాత పొద్దున చూస్తే అక్కడే, కోళ్లు కూర్చునే దండెం కిందే ప్రాణం లేకుండా పడి ఉంది.