గడియారం పట్టి చూసిన పని

ఆర్మూర్ గంజి బజారులో, రైతుల సరుకు కమీషన్‌కు అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో ముత్తెన్న పసుపు తూకాల లెక్క వేసేవాడు. పక్కనే కూర్చున్న అతని బావ చిన్నయ్య అదే లెక్కను మళ్లీ మొదటినుంచి వేసి సరిచూసేవాడు. ఇద్దరి మాటా కలిస్తేనే రైతు చేతికి చీటీ. ముత్తెన్నకు లెక్కలు నేర్పింది కూడా ఈ అక్క మొగుడే.

మణుగులు పోయి కిలోలు వచ్చిన కొత్తలో, చేత్తో తిప్పే లెక్కల మిషిన్ పట్టుకుని హైదరాబాదు నుంచి ఒకాయన దిగాడు. ఇది కొంటే గుమాస్తాల అవసరమే ఉండదన్నాడు. దుకాణం యజమాని సేటు ఊరికే నమ్మే రకమా? ఒకే తూకాల పట్టీని మిషిన్ ఆయనకూ ముత్తెన్నకూ ఇచ్చి, జేబు గడియారం చేతబట్టుకుని కూర్చున్నాడు.

ఓడితే ఇద్దరి బువ్వా పోతుంది. "జర జల్ది కానియ్యి బామ్మర్దీ," అన్నాడు చిన్నయ్య. ముత్తెన్న ఊపిరి బిగబట్టి, కారే చెమటైనా తుడుచుకోకుండా లెక్క తేల్చేశాడు. మిషిన్ ఇంకా తిరుగుతూనే ఉంది. రెండు జవాబులూ ఒకటే వచ్చాయి. గంజంతా అతని భుజం తట్టింది. సాయంత్రం చిన్నయ్యే కల్లు పోయించాడు, పిచ్చి మనిషి.

తెల్లారి సేటు ముత్తెన్నను పిలిచాడు. "నువ్వొక్కనివే గంత జల్ది చేస్తివి, తప్పు గూడ పోలే. మరి చిన్నయ్య దేనికి?"

మిషిన్‌ను కొలుస్తున్నాడనే అందరూ అనుకున్నారు. ఆ మహానుభావుడు కొలిచింది మనిషిని. ప్రాణభయంతో ఒక్క పూట ఉరికిన ఉరుకు రోజూ ఉరకాలట!

"గదేదో ఒక్కపారి చేసిన సేటూ. దినాం నాతోని కాదు. బావ లేకుంటే తప్పులు పోతయి," అని ముత్తెన్న బతిమాలాడు.

"కాదంటె చెప్పు. మిషినే తెప్పిస్త."

ముత్తెన్న ఒక్కడే పట్టీ ముందేసుకుని కూర్చున్నాడు. కూర్చోక ఏం చేస్తాడు?

అక్క లసుమవ్వ తిట్టలేదు, ఏడవలేదు. "నువ్వు ఓడితె అందరం కల్సి పస్తులుందుము తమ్మీ," అని మాత్రం అంది. ఆ తర్వాత అతని గడప తొక్కలేదు.

పని పోయిన చిన్నయ్య అదే గంజిలో హమాలీగా చేరాడు. తల నెరిసిన వయసులో పసుపు బస్తాలు వీపుకెత్తుకుని ఆ దుకాణంలోకే తెస్తాడు. కాంటా పక్కన ముత్తెన్న వాటి తూకాలే లెక్క వేస్తుంటాడు. వేసిన లెక్కను తిరిగి చూసుకునే తీరిక అతనికి లేదు. ఏ బస్తా కింద బావ ఉన్నాడో తలెత్తి చూసే తీరికా లేదు.