నమలమంటే మింగేసిన చపాతీ ముక్క

మా చిన్నప్పుడు... ఏడో తరగతిలో ఒకరోజు సైన్స్ టీచర్ తన క్యారియర్ తెరిచి, చపాతీ ముక్క తుంచి నా చేతిలో పెట్టారు. మొదటి బెంచీలో ఉన్నాను కాబట్టి నాకిచ్చారు, అంతే.

"కడుపులోకి పోయినాకే తిండి అరుగుతాదనుకుంటాండారు మీరు. కాదు, నోట్లోనే మొదలైతాది. మింగకుండా బాగా నములు. తియ్యగా అయితే చెప్పు," అన్నారు.

రెండుసార్లు నమిలాను... ముక్క గొంతు దిగిపోయింది.

"తియ్యగా ఉండాదా?"

"అయిపోయింది టీచర్."

క్లాసంతా నవ్వింది. టీచర్ కూడా నవ్వి ఇంకో ముక్క ఇచ్చారు. ఈసారి ఎలాగైనా ఆపాలనుకున్నాను... అదీ దిగిపోయింది.

అప్పుడు మా పక్కింటి సుజాత లేచింది. "వాళ్లింట్లో నిన్నట్నుంచి పొయ్యి ముట్టించలేదు టీచర్. మా అమ్మ చెప్పినాది."

నవ్వులు ఆగిపోయాయి. ఆ నవ్వులే నయమనిపించింది...

ఆ ఏడు వాన రాలేదు. శెనక్కాయ చేలోనే ఎండిపోయింది. నాయన బెంగళూరుకు కూలికి పోయాడు. ఇంట్లో డబ్బాలన్నీ అడుగంటాయి. ఆ సంగతి బయట ఎవరికీ తెలియదనే అనుకుంటూ వచ్చాను.

"సంగటి తినే వచ్చినా టీచర్," అన్నాను తల వంచుకుని. అనగానే కడుపు గుర్రుమంది... చుట్టూ అందరికీ వినబడింది.

టీచర్ నన్ను చూడలేదు. క్లాసు వైపు తిరిగి, "సంగటి ఎవరన్నా నములుతారేమప్పా? ముద్ద చేసి మింగేదే గదా. ఆ అలవాటుతో మింగేసింది," అన్నారు.

నోట్లో ఊరే ఎంగిలి పిండిని చక్కెరగా మారుస్తుందని, కడుపులో అది పులుసులా పలచనై పేగుల్లోకి దిగుతుందని, అక్కడే దాని సారం రక్తంలోకి చేరుతుందని చెప్పారు. కడుపు ఖాళీగా ఉన్నా ఊరికే ఉండదని, కదులుతూ శబ్దం చేస్తుందని, ఎవరి కడుపైనా అంతేనని కూడా చెప్పారు. నేను నేలవైపే చూస్తూ విన్నాను.

మధ్యాహ్నం ఆ క్యారియర్ నాకిచ్చేసి, "ఉప్పెక్కువైంది, నాకొద్దు," అన్నారు. బడి వెనక గోడవైపు తిరిగి కూర్చుని తిన్నాను. ఉప్పు సరిగ్గానే ఉంది...

సాయంత్రానికి సంగతి అమ్మకు చేరింది.

"ఆకలైతాందని నాతో చెప్పకూడదామ్మే?"

చెబితే ఏం చేయగలిగేదో ఇద్దరికీ తెలుసు. నేను అమ్మ ముఖం చూడలేకపోయాను, అమ్మ నా ముఖం చూడలేకపోయింది... మర్నాటి నుంచి చివరి బెంచీలో కూర్చున్నాను.

మొన్న ఊరికి పోయినప్పుడు ఆ బడి ముందు ఆగాను. పొద్దున్నే పిల్లలకు రాగిజావ పోస్తున్నారు. గ్లాసులు చాచి, ఇంకా కావాలని గట్టిగా అడుగుతున్నారు... మాకు అలా అడగడం చేతకాలేదు.

ఆకలిని తప్పులా దాచుకుని బడికి పోయినవాళ్లు మీలోనూ ఉంటే చెప్పండి... ఇప్పుడైనా.