కోయకూడని రీలు

ఈ ఉదయం కొత్త చిప్పుల రీలు కవరు కత్తిరించగానే ప్లాస్టిక్ వాసన గుప్పుమంది. ఆ వాసన తగిలినప్పుడల్లా నేను చేసిన గొప్ప బేరం గుర్తొస్తుంది. అంత పనికిరాని సరుకును అంత చవగ్గా, అంత గర్వంగా కొన్నవాడు గుంటూరులో మరొకడు ఉండడు. మా నాన్నది పట్నం బజారులో మిరపకాయల కొట్టు. వక్కపొడి పొట్లం కూడా అడిగిన ధరకు కొనని ఇంట్లో పుట్టి, కందిగింజంత చిప్పుల దగ్గర బోల్తాపడ్డాను. ఎస్తేరు గారి ఎదుట పడ్డాను కాబట్టి కొంచెం బుద్ధి మిగిలింది.

ఎస్తేరు గారిది పర్చూరు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పేవారు. అది మానేసి గుంటూరు ఆటోనగర్‌లో రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని, ఎవరెవరి పేర్లతోనో అమ్ముడుపోయే ఫోను చార్జర్లు బిగించి ఇచ్చేవారు. ఆమెకు అనుమానం ఊపిరితో సమానం. టీ తాగే ముందు గ్లాసును వెలుతురుకు ఎత్తి చూసేవారు. బజారు నుంచి వచ్చిన తీగచుట్టను మా కాటా మీద తూచేవారు, ఆ కాటాను ఉప్పు ప్యాకెట్టు పెట్టి పరీక్షించేవారు, ఆ ప్యాకెట్టు మీదా నమ్మకం లేక వేరే కొట్టు నుంచి ఇంకోటి తెప్పించేవారు. సరుకు కొనే ఉద్యోగం అడగడానికి నేను వెళ్లినప్పుడు, మా నాన్నది మిరపకాయల కొట్టని విని, నా చదువు గురించి అడగనే లేదు.

“మీ నాన్న మిర్చి యార్డులో బస్తా పైకాయ చూసి కొంటాడా?”

“అబ్బే, లేదండి. బస్తా పొట్ట కోసి మధ్యలోంచి గుప్పెడు తీస్తాడు. తెల్లబడ్డ తాలుకాయ దాచేది అక్కడేగా.”

“అయితే రేపట్నుంచి రావయ్యా.”

ఉద్యోగం అంత తేలిగ్గా వచ్చిందంటే ఏదో మతలబు ఉందని ఆ రోజంతా నేనూ ఆమెను అనుమానించాను.

సొంత పేరుతో ఆమె తేవాలనుకున్న మొదటి వస్తువు కల్లం దీపం. మిరపకాయ ఎండబోసిన కల్లాల దగ్గర కాపలా పడుకునేవాళ్ల కోసం రేడియో ఉన్న చార్జింగు దీపం. కోతలు మొదలయ్యేలోగా ఇస్తామని ఊరూరా కొట్లవాళ్లకు మాటిచ్చాం. అంతా ఒక్క చిప్పు దగ్గర ఆగింది. బ్యాటరీ నిండగానే కరెంటును ఆపేది అదే. అది ఆపకపోతే బ్యాటరీ కాగి అంటుకుంటుంది. మా దీపం ఉండేదేమో ఎండుమిరప రాశి పక్కన, రైతు ఏడాది కష్టం పక్కన. సరిగ్గా అప్పుడే, ఎప్పుడూ చిప్పులిచ్చే చెన్నై డీలరు సరుకు అయిపోయిందన్నాడు. మళ్లీ ఎప్పుడొస్తుందో చెప్పలేనన్నాడు.

“బోర్డు మళ్లీ గీద్దాం,” అన్నారు ఎస్తేరు గారు. “రెండు రకాల్లో ఏ చిప్పు దొరికినా కూర్చునేలా. ఒక్క చిప్పు దొరక్కపోతే ఆగిపోయే దీపం మనది కాదయ్యా, ఆ చిప్పు అమ్మేవాడిది.”

“ఈలోగా సీజను పోతుంది మేడమ్. నేను తెస్తాగా! అసలు ఆ చెన్నై ఆయన మీకేమన్నా చుట్టమా? ఎప్పుడూ ఆయనకే ఎక్కువ ధర పెడతారు.”

“చుట్టమైతే ఇంకా ఎక్కువ అనుమానించేదాన్ని.”

ఆ జవాబుతో నా అనుమానం తీరలేదు. హైదరాబాదులో ఒకతన్ని పట్టుకుని ఫోనులోనే బేరం మొదలెట్టాను. తగ్గించాడు. ఇంకా లాగాను. చివరికి, “ఇంకా తగ్గిస్తా సార్, కానీ రీలు మధ్యలో కోస్తానంటే కుదరదు. కోస్తే వాపసు లేదు,” అన్నాడు. సరేనన్నాను. బస్తా కోయనివ్వని మనిషి దగ్గర మా నాన్న నిలబడను కూడా నిలబడడు. నేను మాత్రం కోసి చూసే హక్కునే వదులుకుని ధర తగ్గించుకుని, ఈల వేసుకుంటూ షెడ్డుకు వచ్చాను.

రీలు వచ్చింది. సన్నటి పట్టీలో వరసగా కూర్చున్న చిప్పుల్లో మొదటివి తీసి పరీక్షిస్తే అన్నీ బాగున్నాయి. నేను మీసం దువ్వుకుంటున్నాను.

“ఆ కత్తెర ఇలా ఇవ్వు.”

“కోయకూడదండి. కోస్తే వాపసు తీసుకోడు.”

“ఎవరన్నారా మాట?”

“ఆయనేనండి. అందుకేగా అంత తగ్గించాడు!”

అప్పటిదాకా నన్ను ‘ఏవయ్యా’ అనేవారు. ఆ రోజు మొదటిసారి పిలుపు మారింది. “ఒరేయ్, తాలుకాయ ఎక్కడుందో కూడా చెప్పి మరీ అమ్మాడు కదరా నీకు!”

పట్టీని మధ్యకు కోశారు. గోళ్లరంగు తుడిచే ద్రావకంలో దూది ముంచి అక్కడి చిప్పును రుద్దితే, పైనున్న నంబరు చెరిగిపోయి కిందనుంచి వేరే నంబరు బయటపడింది. దాన్నే బోర్డులో పెట్టి, నిండిన బ్యాటరీని చార్జింగు తీగ తీయకుండానే నా అరచేతిలో ఉంచారు.

“వెచ్చగా ఉందండి.”

“ఇంకాసేపు పట్టుకో.”

“అమ్మో, కాలుతోందండి!” అని వదిలేశాను.

ఆమె గబుక్కున తీగ పీకేశారు. “నువ్వు మెలకువగా ఉన్నావు కాబట్టి వదిలేశావు. కల్లంలో వాడు నిద్రపోతుంటాడు.”

మంచివి ఏరుకుని వాడుకుందామా అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. కొట్లవాళ్లందరికీ ఆమే ఫోను చేసి ఆలస్యమవుతుందని చెప్పి, తిట్లు తిని, బోర్డు గీయడానికి కూర్చున్నారు. నేను చెన్నై ఆయనకు ఫోను చేసి ఆయన ధర సంగతి సూటిగా అడిగేశాను. “మీ మేడమ్ ప్రతి రీలూ మధ్యలో కోస్తారండి. నచ్చకపోతే నాకే తిప్పి పంపుతారు. కోసిన రీలు నేనెవరికి అమ్ముకోను? ఆ నష్టం ధరలోనే ఉంది,” అన్నాడాయన. నమ్మబుద్ధి కాక పాత బిల్లులు తిరగేశాను. తిప్పి పంపినవన్నీ అందులో ఉన్నాయి. ఆమె అంతకాలం ఎక్కువ ధర పెట్టి కొన్నది, నేను చవగ్గా వదులుకున్న హక్కునే.

ఎస్తేరు గారు ఇప్పుడు పర్చూరులో ఉంటున్నారు. షెడ్డు నేను చూసుకుంటున్నాను. ఈ ఉదయం వచ్చిన రీలునూ మధ్యలోనే కోశాను. కోస్తుంటే కుర్రాళ్లు నన్ను చూసి నవ్వుకున్నారు, నవ్వుకోనీ.

ఆ బేరం చివరి లెక్క ఇది. ఆ హైదరాబాదు రీలు మొత్తం దండగ. కోతలు సగమయ్యాకగానీ, కొత్త బోర్డు మీద రెండో రకం చిప్పుతో చేసిన దీపాలు కొట్లకు చేరలేదు, సగానికి పైగా మరుసటి ఏడాది దాకా షెడ్డులోనే ఉన్నాయి. ఆ నష్టంలో పైసా కూడా ఆమె నా జీతంలోంచి పట్టుకోలేదు. ఎందుకు పట్టుకోలేదా అని నాకిప్పటికీ అనుమానమే. నేను బేరమాడి తగ్గించింది, షెడ్డులో అందరికీ ఒక పూట బిర్యానీ ఖర్చు. మా దీపం వల్ల అంటుకున్న కల్లాలు, ఒక్కటీ లేవు.